షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌తో ప్రాజెక్టు ప్రణాళిక నేర్చుకోవడం: ఏ వరుసలో, దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: కొత్త ప్లానర్

అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజినీరుగా కొంతకాలం సైటు పనులు చూసి, ఇటీవల ప్లానింగ్ విభాగంలోకి మారాను. ఇక్కడ చిన్న పనులకు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, పెద్ద పనులకు ప్రైమవేరా పీ6 వాడుతున్నారు. రెండింటి మీదా దొరికిన వీడియో పాఠాలు చూశాను. పనుల జాబితా ఎక్కించడం, ఒక్కో పనికి రోజులు వేయడం, పనులను తేదీల వెంట అడ్డ గీతలుగా చూపే గాంట్ చార్టు ప్రింటు తీయడం వచ్చాయి. ఆ తరువాతే ఇబ్బంది మొదలవుతోంది. ఒక పని ఆలస్యమైందని తేదీ మారిస్తే, దాని మీద ఆధారపడిన పనుల్లో కొన్ని కదులుతున్నాయి, కొన్ని కదలడం లేదు, ఒక్కోసారి ప్రాజెక్టు ముగింపు తేదీ ఉన్నచోటే ఉండిపోతోంది. ఒక పనికి ఇంకో మనిషిని చేరిస్తే రోజులు సగమవుతున్నాయి, వేరే పనికి అదే చేస్తే రోజులు మారకుండా పనిగంటలు రెట్టింపవుతున్నాయి. ఎందుకలా జరుగుతోందో ఆ పాఠాల్లో ఎక్కడా వివరించలేదు.

ఏ వరుసలో నేర్చుకుంటే పునాది గట్టిపడుతుంది, రెండు సాఫ్ట్‌వేర్లలో దేనితో మొదలుపెట్టాలి, వేసిన షెడ్యూలు సరిగ్గా ఉందో లేదో పైవారికి చూపించే ముందు నాకు నేనే ఎలా పరీక్షించుకోవాలి అన్నవి నా సందేహాలు. అనుభవమున్నవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: సైట్ ప్లానర్

నమస్కారమండీ. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయని నాకు అనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ లోపల ఏ లెక్క నడుస్తోందో తెలియకుండానే దాని జవాబులు చూస్తున్నారు, అందువల్ల జవాబు ఊహించినట్టు రానప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడానికి ఆధారం దొరకడం లేదు. కాబట్టి ముందు కంప్యూటరు పక్కన పెట్టి, ఒక చిన్న షెడ్యూలును కాగితం మీద చేత్తో లెక్క కట్టమని నా సలహా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిన్న గది ఒకటి కట్టాలి. పునాది తవ్వకానికి 4 రోజులు, అది అయ్యాక పునాది కాంక్రీటుకు 3 రోజులు, ఆ తరువాత గోడలకు 8 రోజులు. తలుపులు, కిటికీలు బయట తయారవుతాయి, వాటికి 12 రోజులు పడుతుంది, ఆ పని మొదటిరోజే మొదలుపెట్టవచ్చు. గోడలూ పూర్తయి, తలుపులూ వచ్చాక బిగింపుకు 3 రోజులు. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి లెక్క కడితే తవ్వకం 4వ రోజుకు, కాంక్రీటు 7వ రోజుకు, గోడలు 15వ రోజుకు పూర్తవుతాయి. తలుపులు 12వ రోజుకే సిద్ధమవుతాయి. బిగింపు మాత్రం రెండింటిలో ఆలస్యంగా పూర్తయ్యేదాని తరువాతే మొదలు కావాలి కనుక 15 తరువాత మొదలై 18వ రోజున ముగుస్తుంది. దీన్ని ఫార్వర్డ్ పాస్ అంటారు. ఇక 18 నుంచి వెనక్కి నడవండి. ముగింపు చెడకుండా ఉండాలంటే గోడలూ తలుపులూ ఎంత ఆలస్యంగానైనా 15కల్లా పూర్తి కావాలి. గోడలు సరిగ్గా 15కే పూర్తవుతున్నాయి, వాటికి వెసులుబాటు లేదు. తలుపులకు 3 రోజుల వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటునే ప్రైమవేరాలో టోటల్ ఫ్లోట్ అని, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో టోటల్ స్లాక్ అని చూపిస్తారు. వెసులుబాటు లేని తవ్వకం, కాంక్రీటు, గోడలు, బిగింపు అనే వరుసే క్రిటికల్ పాత్.

ఇప్పుడు తలుపులు 2 రోజులు ఆలస్యమయ్యాయని అనుకుంటే ముగింపు 18 దగ్గరే ఉంటుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, ఫ్లోట్ ఆ ఆలస్యాన్ని మింగేసింది. అదే 5 రోజులు ఆలస్యమైతే తలుపులు 17వ రోజుకు వస్తాయి, ముగింపు 20కి జరుగుతుంది, క్రిటికల్ పాత్ తలుపుల వైపు మారిపోతుంది, అంతవరకూ ఒక్క రోజు కూడా వెసులుబాటు లేని గోడలకు 2 రోజులు దొరుకుతుంది. ఈ మార్పును చేత్తో ఒకసారి చూసినవారికి ‘క్రిటికల్ పాత్ అంటే ముఖ్యమైన పనుల జాబితా’ అనే అపోహ ఉండదు. అది ఈరోజు లెక్క ప్రకారం అతి పొడవైన దారి మాత్రమే, రేపు వేరే దారి కావచ్చు. ఇదే ఉదాహరణను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి మీ కాగితంతో పోల్చుకోండి. అంకెలు కలిశాక ఒక్కొక్క లింకు మార్చి, ఏం జరుగుతుందో ముందు మీరు చెప్పి, ఆ తరువాత తెర చూడండి. ఈ సాధనను మించిన పాఠం నాకు తెలియదు.

లింకుల విషయంలో మరో మాట. ఒకటి ముగిశాక ఇంకొకటి మొదలయ్యే ఫినిష్ టు స్టార్ట్, రెండూ కలిసి మొదలయ్యే స్టార్ట్ టు స్టార్ట్, రెండూ కలిసి ముగిసే ఫినిష్ టు ఫినిష్, చాలా అరుదుగా పనికొచ్చే స్టార్ట్ టు ఫినిష్ అని నాలుగు రకాలున్నాయి. నేర్చుకునే రోజుల్లో వీలైనంతవరకు మొదటిదానితోనే పని నడపండి. రెండు పనులు కొంతకాలం కలిసి నడవవలసి వచ్చినప్పుడు స్టార్ట్ టు స్టార్ట్ పెట్టి వదిలేసేవారు చాలామంది ఉంటారు. అప్పుడు రెండో పని మొదటిదాని ప్రారంభానికి మాత్రమే కట్టుబడి ఉంటుంది, మొదటి పని నెలల తరబడి సాగినా రెండోది తన దారిన ముందే ముగిసిపోయినట్టు చూపిస్తుంది. అక్కడ ఫినిష్ టు ఫినిష్ లింకు కూడా తోడు కావాలి, లేదా పనిని రెండు ముక్కలు చేసి మామూలు లింకులతో కలపాలి. నేనైతే రెండో పద్ధతినే ఎంచుకుంటాను, ఎందుకంటే షెడ్యూలు చదివే సైటు మేస్త్రీకి కూడా అది అర్థమవుతుంది.

దేనితో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు: మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ప్రతి మార్పుకూ అప్పటికప్పుడు తేదీలు తిరిగి లెక్కిస్తుంది, కనుక కారణానికీ ఫలితానికీ ఉన్న సంబంధం కళ్లెదుట కనిపిస్తుంది. ప్రైమవేరాలో మామూలుగా ఎఫ్9 నొక్కి షెడ్యూలు నడిపించినప్పుడే తేదీలు మారతాయి. అందుకని మొదటి అడుగుకు మొదటిదే మేలు. ఇంట్లో సాధన చేయడానికి అది లేకపోతే ప్రాజెక్ట్‌లిబ్రె, గాంట్‌ప్రాజెక్ట్ అనే ఉచిత ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్లు చాలు, ఈ లెక్క నేర్చుకోవడానికి వాటిలో లోటేమీ కనిపించదు.

సమాధానం: గడువు రేఖ

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘కొన్ని పనులు కదలడం లేదు’ అన్నదానికి నేరుగా జవాబు చెబుతాను, ఎందుకంటే కొత్తవారి షెడ్యూళ్లు పరిశీలించినప్పుడల్లా నాకు ముందుగా కనిపించేది ఇదే.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఆటో షెడ్యూల్ (లింకులను బట్టి తేదీలను సాఫ్ట్‌వేరే లెక్కించే) పద్ధతిలో ఉన్న పనికి మీరు స్టార్ట్ గడిలో తేదీ టైపు చేస్తే, అది కేవలం తేదీగా నమోదు కాదు, ‘స్టార్ట్ నో ఎర్లియర్ దాన్’ అనే నిబంధనగా మారుతుంది. అంటే ముందు పని ఎంత తొందరగా ముగిసినా, ఈ పని ఆ తేదీ కంటే ముందుకు రాదు. ముందు పని కాస్త ఆలస్యమైనా, ఆ ఆలస్యం మీరు టైపు చేసిన తేదీని దాటేంతవరకు ఇది కదలదు. ఫినిష్ గడిలో టైపు చేస్తే అదే తీరులో ‘ఫినిష్ నో ఎర్లియర్ దాన్’ వస్తుంది. ఇలాంటి పనుల పక్కన ఇండికేటర్ల వరుసలో చిన్న కేలండరు గుర్తు కనిపిస్తుంది. మీ ఫైలు తెరిచి ఆ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూడండి, కదలని పనుల్లో చాలావాటికి కారణం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

రెండో కారణం మాన్యువల్ షెడ్యూలింగ్. 2010 వెర్షన్ నుంచి ఈ పద్ధతి వచ్చింది, కొత్తగా ఎక్కించే పనులు తమంతట తాముగా ఆ పద్ధతిలోకే వెళ్తాయి. అందులో ఉన్న పని, ముందు పని తేదీ కదిలినా తాను కదలదు, తేదీ కింద ఎర్రటి వంకర గీతతో హెచ్చరిక మాత్రం చూపిస్తుంది. ఇంకా వివరాలు తెలియని పనికి చోటు ఉంచడానికి అది ఉపయోగపడుతుంది. లెక్క చేయవలసిన షెడ్యూలులో మాత్రం, పని ఎక్కించేముందే కింద ఉన్న స్టేటస్ బారులో ఆటో షెడ్యూల్ ఎంచుకోండి.

మరి ఒప్పందంలో ఫలానా తేదీకి అప్పగించాలని ఉంటే ఏం చేయాలని అడగవచ్చు. ‘మస్ట్ ఫినిష్ ఆన్’ పెట్టకండి. డెడ్‌లైన్ అనే వేరే గడి ఉంది. అందులో తేదీ వేస్తే పని తన లెక్క ప్రకారం ఎప్పుడు ముగుస్తుందో నిజాయితీగా చూపిస్తూనే, గడువు దాటితే ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది, స్లాక్ రుణసంఖ్యలోకి వెళ్లి ఎన్ని రోజులు వెనకబడ్డామో చెబుతుంది. ప్రణాళిక వేసేవారి పని చెడు వార్తను ముందుగా చెప్పడమే. ముగింపు తేదీని మేకు కొట్టినట్టు బిగించేస్తే ఆ వార్త పైకి రాదు.

ఇక మనుషుల లెక్క. వర్క్ = డ్యూరేషన్ × యూనిట్స్ అన్న ఒక్క సూత్రం మీదే అదంతా నడుస్తుంది, అంటే పనిగంటలు = వ్యవధి × ఆ పనికి కేటాయించిన మనుషుల వాటా. ఒక మనిషి పూర్తికాలం 5 రోజులు చేస్తే 40 గంటల వర్క్. మూడింటిలో ఒకటి మారినప్పుడు మిగిలిన రెంటిలో దేన్ని స్థిరంగా ఉంచాలో సాఫ్ట్‌వేర్‌కు మీరే చెప్పాలి, టాస్క్ టైపు అనేది అందుకే ఉంది. ఎఫర్ట్ డ్రివెన్ అన్న టిక్కు పెట్టి ఫిక్స్‌డ్ యూనిట్స్ పనికి రెండో మనిషిని చేరిస్తే 40 గంటలు ఇద్దరికీ పంచబడి రోజులు రెండున్నర అవుతాయి. ఆ టిక్కు లేకపోతే 5 రోజులు అలాగే ఉండి వర్క్ 80 గంటలు అవుతుంది. ఫిక్స్‌డ్ డ్యూరేషన్‌లో టిక్కు పెడితే 5 రోజులూ 40 గంటలూ మారకుండా ఒక్కొక్కరి వాటా 50 శాతానికి తగ్గుతుంది. మీరు చూసిన రెండు రకాల ఫలితాలూ ఇవే. గోడకు రంగు వేయడం మనుషులు పెరిగితే తొందరగా అయ్యే పని. ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూడటం కాదు. పని స్వభావం చూసి టైపు నిర్ణయించాలి, ఒక టైపును అన్ని పనులకూ వదిలేయకూడదు.

కేలండరు గురించి కూడా ఒక హెచ్చరిక. ప్రాజెక్టు కేలండరును రోజుకు 10 గంటలకు మార్చి, ఆప్షన్లలో ‘అవర్స్ పర్ డే’ 8 దగ్గరే వదిలేస్తే, మీరు 1 రోజు అని వేసినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని 8 గంటలుగానే తీసుకుంటుంది, తరువాతి పని అదే రోజు చివరి 2 గంటల్లో మొదలైపోతుంది. రెండూ కలిపి మార్చాలి. కాంక్రీటు క్యూరింగు సెలవురోజుల్లోనూ సాగుతుంది కనుక, దాన్ని వారానికి ఐదు పనిదినాల కేలండరులో, రెండు పనుల మధ్య ఆగవలసిన విరామంగా, అంటే 7 రోజుల లాగ్‌గా వేస్తే కనీసం 9 రోజులు ఖర్చవుతాయి. 7 ఈడీ అని, సెలవులు కూడా కలిపి లెక్కించే ఎలాప్స్‌డ్ రోజులుగా వేస్తే సరిగ్గా 7 రోజులే పడుతుంది. ఇంకా మంచిది, దాన్ని లాగ్‌లో దాచకుండా ఒక పనిగానే చూపించడం.

మళ్లీ అడుగుతున్నది: కొత్త ప్లానర్

ఇద్దరికీ ధన్యవాదాలండీ. నా ఫైలు తెరిచి చూస్తే సగానికి పైగా పనుల పక్కన కేలండరు గుర్తు ఉంది, వాటిని ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’కు మార్చి లింకులు సరిచేయగానే ముగింపు తేదీ కదలడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంకో సందేహం. ప్రతి వారం సైటు నుంచి ‘ఈ పని 60 శాతం అయింది, ఆ పని 90 శాతం అయింది’ అని సమాచారం వస్తుంది. ఆ శాతాలు ఎక్కిస్తే తేదీలు నిజానికి దగ్గరగా వస్తాయా? షెడ్యూలు పరీక్షించుకోవడం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం: షెడ్యూలు సమీక్ష

శాతం ఒక్కటే ఎక్కిస్తే రావు. 10 రోజుల పని 90 శాతం అయిందని చెబితే, సాఫ్ట్‌వేర్ మిగిలింది 1 రోజు అని లెక్కిస్తుంది. ఆ చివరి భాగానికి కావలసిన సామాను ఇంకా రాలేదని దానికి తెలియదు. అందుకే సైటు నుంచి నాలుగు విషయాలు అడగండి: నిజంగా ఎప్పుడు మొదలైంది, ముగిసి ఉంటే ఎప్పుడు ముగిసింది, ముగియకపోతే ఈరోజు నుంచి ఇంకా ఎన్ని పనిదినాలు కావాలి, ఆ రోజులకు అడ్డు ఏమైనా ఉందా. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును రిమెయినింగ్ డ్యూరేషన్‌లో వేయాలి. శాతం చెప్పేవారు జరిగినదాన్ని తలచుకుంటారు, మిగిలిన రోజులు చెప్పవలసినవారు జరగవలసినదాన్ని ఆలోచించక తప్పదు. ఈ ఒక్క మార్పుతో మీకు అందే సమాచారం నాణ్యత బాగా పెరుగుతుంది.

వివరాలు ఎక్కించేముందు ఆమోదం పొందిన షెడ్యూలును బేస్‌లైన్‌గా భద్రపరచండి, లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఒకే ఫైలులో 11 బేస్‌లైన్ల వరకు ఉంచుతుంది, అయినా ఆలస్యమైన ప్రతిసారీ కొత్త బేస్‌లైన్ వేయడం మంచి అలవాటు కాదు. పని పరిధి మారి, దానికి ఆమోదం వచ్చినప్పుడే కొత్తది వేయాలి. ఆ తరువాత స్టేటస్ డేట్ (సైటు వివరాలు ఏ రోజు వరకు ఉన్నాయో ఆ తేదీ) పెట్టి, వివరాలు ఎక్కించి, ‘అప్‌డేట్ ప్రాజెక్ట్’లో పూర్తికాని పనిని ఆ తేదీ తరువాతకు జరిపించండి. ఈ మెట్టు వదిలేస్తే గడిచిపోయిన వారంలో ఇంకా జరగవలసిన పని మిగిలి ఉన్నట్టు చార్టు చూపిస్తుంది, గడిచిన రోజున ఎవరూ పని చేయలేరు కదా. ప్రైమవేరాలో దీనికి డేటా డేట్ ఉంది, ఎఫ్9 నొక్కి అది మార్చగానే మిగిలిన పనంతా దాని కుడివైపుకు వెళ్తుంది. అక్కడ ముందు పని ముగియకుండానే తరువాతి పని సైటులో మొదలైపోతే ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. రిటెయిన్డ్ లాజిక్ ఎంచుకుంటే రెండో పనిలో మిగిలిన భాగం ముందు పని ముగిసేదాకా ఆగుతుంది, ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ ఎంచుకుంటే ఆ లింకును పక్కన పెట్టి వెంటనే సాగుతుంది. రెండు రకాలుగానూ నడిపి, ముగింపు తేదీల మధ్య తేడా పెద్దదైతే లింకు వాస్తవానికి సరిపోవడం లేదని గుర్తించి దాన్నే సరిదిద్దండి.

పరీక్షకు, అమెరికా రక్షణ శాఖలో ఒప్పందాలను పర్యవేక్షించే సంస్థ డీసీఎంఏ వాడుకలోకి తెచ్చిన 14 అంశాల పరిశీలన ఒక మంచి ఆధారం. అందులో అన్నీ మీకు ఇప్పుడే అవసరం లేదు. ముందు పనిగానీ తరువాతి పనిగానీ లేని అనాథ పనులు 5 శాతం మించకూడదు, లీడ్ అంటే రుణ లాగ్ అసలు ఉండకూడదు, 44 పనిదినాలకు మించిన ఫ్లోట్ ఉన్న పనులు 5 శాతం మించితే లింకులు తప్పిపోయాయని అనుమానించాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది క్రిటికల్ పాత్ పరీక్ష: ఫైలుకు నకలు తీసుకుని, క్రిటికల్ పాత్‌లో ఉన్న ఒక పనికి 600 రోజులు చేర్చి చూడండి. ప్రాజెక్టు ముగింపు దాదాపు అంతే జరిగితే దారి తెగలేదని అర్థం. జరగకపోతే మధ్యలో ఎక్కడో లింకు తెగింది, లేదా ఒక నిబంధన దాన్ని పట్టి ఉంచింది.

సమాధానం: అంచనాల మనిషి

ఇంతవరకు జరిగిన చర్చ అంతా పనికి ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలుసునన్న ఊహ మీద నడిచింది. నిర్మాణంలో చాలావరకు అది చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ తయారీలోనో, పరిశోధనలోనో ఉన్నవారు ఇది చదువుతుంటే వారి కోసం ఈ మాట చేర్చాలనిపించింది.

క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్లో డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థలు కలిసి రసాయన కర్మాగారాల నిర్మాణం, మరమ్మతుల కోసం రూపొందించినది. అలాంటి పనులు వారికి కొత్తవి కావు, రోజులు తెలుసు. దాదాపు అదే కాలంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ అనే ప్రణాళికా పద్ధతిని తెచ్చింది. అంతకుముందు ఎవరూ చేయని పనులకు ఒకే అంకె చెప్పడం కుదరదు గనుక, అందులో ప్రతి పనికీ మూడు అంచనాలు అడిగారు: అన్నీ కలిసివస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అడ్డంకులు వస్తే ఎన్ని. మామూలు అంచనాను నాలుగింతలు చేసి, మిగిలిన రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. ఉదాహరణకు 4, 6, 14 అయితే (4 + 24 + 14) ÷ 6 = 7. ‘ఆరు రోజులు పడుతుందండీ’ అని చెప్పే పనికి సగటున ఏడు పడుతుందన్నమాట. ఆలస్యానికి ఉన్నంత చోటు తొందరకు ఉండదు, ఆ తేడాను ఒకే అంకె చూపించలేదు.

దీనికి తోడు, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు దారులు ఒక మైల్‌స్టోన్ దగ్గర కలుస్తుంటే, ఒక్కొక్కటి సమయానికి వచ్చే అవకాశం 80 శాతం ఉన్నా, మూడూ సమయానికి వచ్చే అవకాశం 0.8 × 0.8 × 0.8, అంటే సుమారు 51 శాతమే. సాఫ్ట్‌వేర్ మామూలు లెక్క ఈ సంగతి చెప్పదు. కాబట్టి చాలా దారులు కలిసే చోట్ల కొంత వ్యవధిని బఫరుగా బహిరంగంగా పెట్టండి. ఒక్కొక్క పనిలో రెండు రోజులు చొప్పున దాచిపెడితే అది ఎవరికీ తెలియకుండా ఖర్చయిపోతుంది. అలాగే ఆరు నెలల తరువాతి పనులను ఇప్పుడే రోజుల లెక్కన చీల్చవద్దు. దగ్గరి పనులకు వివరం, దూరపు పనులకు పెద్ద గుంపులు పెట్టి, సమీపించేకొద్దీ విడగొట్టండి.

సమాధానం: సైట్ ప్లానర్

పైవారి మాటతో ఒక చిన్న భేదం ఉంది. దూరపు పనులను గుంపులుగా ఉంచినా వాటికి లింకులు మాత్రం ఇప్పుడే ఉండాలి. లింకు లేని గుంపు ముగింపు తేదీని ఏమాత్రం ప్రభావితం చేయదు, అప్పుడు దగ్గరి పనుల ఆలస్యం చివరికి చేరదు.

కొత్త ప్లానర్ గారూ, మీరు త్వరలోనే రిసోర్స్ లెవెలింగ్ దగ్గరికి వస్తారు కనుక ముందే చెబుతున్నాను. ఒకే క్రేను ఒకే రోజున మూడు చోట్ల కావలసి వచ్చినప్పుడు లెవెలింగ్ బటన్ కొన్ని పనులను వెనక్కి జరిపి ఆ ఘర్షణ తీరుస్తుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది తన నియమాల ప్రకారం నిర్ణయిస్తుంది, సైటులో ఆ క్రేనును అక్కడి నుంచి ఇక్కడికి తేవడానికి పట్టే శ్రమ దానికి తెలియదు. ముందు ఫైలుకు నకలు తీసుకోండి. లెవెలింగ్ ఆప్షన్లలో ‘లెవెల్ ఓన్లీ వితిన్ అవెయిలబుల్ స్లాక్’ ఎంచుకుని నడపండి, ముగింపు తేదీ కదలకుండా ఎంతవరకు సర్దుబాటు అవుతుందో కనిపిస్తుంది. మిగిలిన ఘర్షణలను పనుల ప్రాధాన్యం అంకెలు మార్చి, సైటు ఇన్‌చార్జితో మాట్లాడి మీరే తీర్చాలి. ఆ టిక్కు తీసేసి నడిపినప్పుడు ఏ పని ఎన్ని రోజులు జరిగిందో లెవెలింగ్ డిలే అనే వరుసను చేర్చుకుంటే తెలుస్తుంది. ఫలితం నచ్చకపోతే ‘క్లియర్ లెవెలింగ్’ నొక్కండి, ఆ ఆలస్యాలు తొలగిపోయి తేదీలు మళ్లీ లింకుల లెక్క ప్రకారం వస్తాయి.